నీటిని విడిచిన సీసము ఎక్కడికి పోవును?

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనములలో ఒక నమూనా తరచుగా కానవచ్చును. బల్లపై రెండు గాజుతొట్లు ఉండును. ఒకదానిలో మురుగునీరు మాత్రమే ఉండును. రెండవదానిలో అదే నీటిపై నాలుగు గుర్రపుడెక్క మొక్కలు తేలుచుండును. కొన్ని దినములకు మొక్కలున్న తొట్టిలోని నీరు తేటపడును. వెనుక గోడకు తగిలించిన పటములో వేళ్లనుండి ఆకులవరకు ఎర్రని బాణపుగుర్తులు గీసి, క్రింద "మొక్కలు భారలోహములను తిని నీటిని శుద్ధిచేయును" అని వ్రాసియుందురు. చూచినవారు మెచ్చుకొందురు, నమూనాకు బహుమతియు రావచ్చును.

ఆ వాక్యములో సత్యము లేకపోలేదు. కాని అది సగము సత్యము. మిగిలిన సగమును చెప్పకుండుటవలన విద్యార్థికి రసాయనశాస్త్రపు మొదటి పాఠమే మరుగుపడును. అంతకంటె ముఖ్యముగా, ఆ వాక్యమును నమ్మి మురుగునీటికి మడి కట్టి, అందులోని ఆకును పశువుకు వేసినవారికి హాని కలుగును. కావున ఈ పద్ధతి గుణదోషములను నిదానముగా విచారించుట అవసరము.

ఉట్నూరునకు దీనితో పనియేమి?

ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు పరిశ్రమల పట్టణము కాదు. అది సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రము. చుట్టును గోండుల, కోలాముల, ప్రధానుల, తోటుల గూడెములు కలవు. పత్తి, జొన్న, కంది పండు నేలలు కలవు. గిరిజన విద్యార్థుల ఆశ్రమ పాఠశాలలు కలవు. ఒక్కొక్క వసతిగృహమునుండి ప్రతిదినము వంటశాల నీరు, స్నానపు నీరు, బట్టలుతికిన నీరు వెలువడును. పెద్ద నగరములలోవలె యంత్రములతో నడచు మురుగు శుద్ధికేంద్రమును ఇట్టి చోట నెలకొల్పి, విద్యుత్తునిచ్చి, మరమ్మతు చేయించుచు నడుపుట సులభము కాదు. మొక్కలతో నడచు పద్ధతి ఇచ్చటివారిని ఆకర్షించుటలో వింత లేదు. జమ్ము, తుంగ ఎవరును నాటకుండగనే వాగుల అంచులలో పెరుగుచుండును గదా!

అయితే ఉత్తర తెలంగాణమంతయు ఉట్నూరువలె లేదు. తూర్పుదిక్కున బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరు ప్రాంతములలో సింగరేణి బొగ్గుగనులు కలవు. ఆ బొగ్గుపొరలు గల శిలలకు భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన 'గోండ్వానా' అను పేరు గోండుల దేశమునుబట్టి వచ్చినదే. ఆ బొగ్గును మండించు పెద్ద విద్యుత్కేంద్రములు రామగుండమునందును, జైపూరునందును కలవు. బొగ్గు మండగా మిగిలిన బూడిదలో ఆర్సెనికము, క్రోమియము, సీసము మొదలైనవి స్వల్పమాత్రములలో ఉండును. బూడిదను నీటితో కలిపి పంపు చెరువుల విషయములో లోహముల ప్రశ్న నిజముగా పుట్టును. ఈ వాగులన్నియు చివరకు గోదావరినే చేరును. ఈ ప్రాంతపు పాఠశాలలలో చెప్పు పాఠము ఈ రెండువిధములైన నీళ్లకును సరిపోవలెను.

పద్ధతి ఏమిటి?

నిర్మిత చిత్తడినేల అనగా మానవుడు కట్టిన చిన్న మడుగు. నేలలో వెడల్పయిన గుంత త్రవ్వి, నీరు ఇంకకుండ అడుగున బంకమన్ను గాని, మందపు ప్లాస్టిక్ పొరను గాని పరచుదురు. దానిపై గులకరాళ్లు, ఇసుక నింపుదురు. అందులో జమ్ము, కిక్కిస, తుంగ, మెట్టతామర, వట్టివేరు వంటి తడి సహించు మొక్కలను నాటుదురు. ముందుగా ఒక తొట్టిలో మడ్డి దిగిన మురుగునీరు ఒక ప్రక్కనుండి ప్రవేశించి, రాళ్ల సందులగుండ, వేళ్ల మధ్యగుండ కొన్ని దినములపాటు మెల్లగా నడచి, రెండవ ప్రక్క వెలువడును.

ఈ విద్యకు పునాది వేసినవారిలో ముఖ్యురాలు కేటె సైడెల్. ఆమె జర్మనీలోని ప్లోన్ పట్టణమందలి మాక్స్ ప్లాంక్ సంస్థలో 1950 ప్రాంతమునుండి తుంగజాతి మొక్కలతో మురుగునీటిపై ప్రయోగములు చేసెను. 1970 తరువాత అమెరికా అంతరిక్ష పరిశోధన సంస్థ 'నాసా'కు చెందిన వోల్వర్టన్ మిసిసిపీ రాష్ట్రములో గుర్రపుడెక్కను పరీక్షించెను. ఆ మొక్క నీటిలోని కాడ్మియమును, నికెలును వేళ్లతో పట్టుకొనుచున్నదని 1975లో ప్రకటించెను. ప్రదర్శనములలోని గాజుతొట్టికి మూలము ఇట్టి ప్రయోగములే. తెలంగాణములో పటాన్‌చెరునందలి ఇక్రిశాట్ సంస్థ రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి వంటి గ్రామములలో ఇంటి మురుగుకు ఇట్టి మళ్లు కట్టించి, శుద్ధియైన నీటిని పొలములకు వాడించినది.

తేటదనము సాక్ష్యము కాదు

నమూనాలోని మొదటి దోషము సాక్ష్యమునకు సంబంధించినది. నీరు తేటపడినది, కావున లోహములు పోయినవి అని చెప్పుచున్నారు. ఈ రెండింటికిని సంబంధము లేదు. నీటిని మురికిగా కనబడజేయునవి అందులో తేలు మట్టి, కుళ్లుపదార్థము, నాచు. అవి అడుగునకు దిగినను, వేళ్లకు అంటుకొనినను నీరు తేటగానే కనబడును. కరిగియున్న సీసమునకు రంగులేదు, వాసనలేదు, ఆ మాత్రలలో రుచియు లేదు.

త్రాగునీటికి భారత ప్రమాణముల సంస్థ 2012లో నిర్ణయించిన హద్దుల ప్రకారము లీటరు నీటిలో సీసము 0.01 మిల్లీగ్రాము, ఆర్సెనికము 0.01 మిల్లీగ్రాము, కాడ్మియము 0.003 మిల్లీగ్రాము మించరాదు. మిల్లీగ్రాములో నూరవవంతును ఏ కన్ను చూడగలదు? హద్దునకు పదిరెట్లు సీసమున్న నీరును, అసలు లేని నీరును గాజుగ్లాసులలో ప్రక్కప్రక్కన పెట్టినచో రెండును ఒకేవిధముగా తళతళలాడును. లోహమును కొలుచుటకు పరమాణు శోషణమును కొలుచు యంత్రము వంటి సాధనము కావలెను. అట్టి కొలత లేనిచోట పటముపై 'భారలోహములు' అను మాట వ్రాయకుండుటయే శాస్త్రధర్మము.

కుళ్లునది వేరు, కుళ్లనిది వేరు

రెండవ దోషము మరింత లోతైనది. 'తినుట' అను క్రియయే ఇచ్చట చిక్కు తెచ్చుచున్నది. అన్నపు మెతుకు, సబ్బు నురుగు, మలపదార్థము ఇవన్నియు సంయోగపదార్థములు. బాక్టీరియా వాటిని విడగొట్టి బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను, లవణములుగను మార్చును. అట్లు మారిన తరువాత మొదటి మురికి లేనట్లే. ఇది నిజమైన 'తినుట'.

సీసము, కాడ్మియము, పాదరసము మూలకములు. మూలకమును ఏ సూక్ష్మజీవియు విడగొట్టజాలదు, ఏ మొక్కయు జీర్ణము చేసికొనజాలదు. అది ఒక సంయోగమును విడిచి మరియొక సంయోగములో చేరగలదు. నీటిని విడిచి మట్టిలో చేరగలదు. మట్టిని విడిచి వేరులో చేరగలదు. కాని మడిలో ప్రవేశించిన ప్రతి గ్రామును ఎక్కడనో ఒకచోట ఉండియే తీరవలెను. ద్రవ్యనిత్యత్వ నియమము తొమ్మిదవ తరగతి పుస్తకములో ఉన్నది. ఆ నియమమే ఈ ప్రశ్నను అడిగించుచున్నది. నీటిని విడిచిన సీసము ఎక్కడికి పోయినది?

ఒక చిన్న లెక్క

బాణపుగుర్తులు చెప్పునట్లు అది ఆకులలోనికి పోవునా? నల్లబల్లపై వేయదగిన లెక్క ఒకటి కలదు. 100 చదరపు మీటర్ల మడిలోనికి రోజుకు 10,000 లీటర్ల నీరు వచ్చుచున్నదని, లీటరుకు 0.1 మిల్లీగ్రాము సీసమున్నదని అనుకొనుడు. రోజుకు చేరు సీసము 1 గ్రాము. ఏడాదికి 365 గ్రాములు.

ఆ మడిలో జమ్మును ఏటేట కోసి ఎండబెట్టగా చదరపు మీటరునకు 2 కిలోలచొప్పున 200 కిలోల ఎండుగడ్డి వచ్చునని అనుకొనుడు. కిలో ఎండుగడ్డిలో 10 మిల్లీగ్రాముల సీసమున్నచో, మొత్తము గడ్డిలో ఉన్నది 2 గ్రాములు. గడ్డిలోని సీసమును అయిదురెట్లుగా తలచినను 10 గ్రాములకు మించదు. 365 గ్రాములలో 10 గ్రాములు అనగా నూటికి మూడువంతులకంటె తక్కువ. మడినుండి వెలువడిన నీరు నిజముగా పరిశుభ్రముగా ఉన్నచో, మిగిలిన 355 గ్రాములు మడిలోనే ఉన్నవి. ఇరువది ఏండ్లకు అది ఏడు కిలోలగును.

ఈ అంకెలు బోధనకై తీసికొన్నవే అయినను, చిత్తడి మళ్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు సాధారణముగా చూచినదియు ఇదే: కోసి తీయదగిన కాడలలోను, ఆకులలోను చేరు లోహము మొత్తములో స్వల్పభాగము, వేళ్లలో అంతకంటె ఎక్కువ, మడ్డిలో అన్నిటికంటె ఎక్కువ. పటములోని ఎర్రబాణములలో అధికభాగము పైకి గాక క్రిందికి గీయవలసియున్నది.

మొక్క చేయు నిజమైన పని

అట్లయిన మొక్క వ్యర్థమా? కాదు. దాని పని వేరు. జమ్ము కాండమును అడ్డముగా కోసి చూచిన విద్యార్థికి అందులో గాలి గదులు కానవచ్చును. ఆ గదులగుండ ఆమ్లజని వేళ్లకు దిగి, కొంత వేళ్లనుండి బయటి బురదలోనికి వెలువడును. బురదనీటిలో కరిగియున్న ఇనుము ఆ ఆమ్లజనితో కలిసి త్రుప్పుగా మారి వేరుచుట్టు ఎర్రని పూతవలె అంటుకొనును. ఆర్సెనికము, సీసము, జింకు ఆ త్రుప్పును పట్టుకొని నిలిచిపోవును.

వేరునకు దూరముగా ఆమ్లజని అందనిచోట మరొక కార్యము జరుగును. అచ్చటి బాక్టీరియా నీటిలోని సల్ఫేటును సల్ఫైడుగా మార్చును. సీసము, కాడ్మియము, జింకు, రాగి సల్ఫైడుతో కలిసి నీటిలో కరుగని అవక్షేపములగును. ప్రయోగశాలలో గుణాత్మక విశ్లేషణము చేయు విద్యార్థి హైడ్రోజన్ సల్ఫైడు వాయువుతో సీసమును నల్లగా అవక్షేపింపజేయును గదా! బురదలోని బాక్టీరియా చేయునదియు అదే. ఆ బాక్టీరియాకు ఆహారము మొక్కల కుళ్లిన వేళ్లు, రాలిన ఆకులు. కావున చిత్తడి మడిలో మొక్క లోహమును భుజించు అతిథి కాదు. పనివారికి ఇల్లును, అన్నమును, గాలిని సమకూర్చు గృహస్థు. ఆ గృహస్థును తీసివేసినచో పని కుంటుపడును.

నిజముగా లోహమును ఆకులకెత్తు మొక్కలును కొన్ని కలవు. వానిని అతిసంచాయకములందురు. ఇటుకగోడలపై పెరుగు 'టెరిస్ విటాటా' అను ఫెర్ను ఆర్సెనికమును తన ఆకులలో అసాధారణముగా ప్రోగుచేయునని 2001లో అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. పసిఫిక్ మహాసముద్రమందలి న్యూ కాలిడోనియా ద్వీపములో ఒక చెట్టు పాలు నికెలుతో నీలివర్ణము దాల్చును. ఇవి ఆశ్చర్యకరములే. కాని ఇవి మెట్టమొక్కలు. ఒక్కొక్కటి ఒకటి రెండు లోహములకే పనికివచ్చును. వీని గుణమును జమ్మునకు, మెట్టతామరకు అంటగట్టుట న్యాయము కాదు. వానిని పెంచినచోటనైనను కోసిన ఆకును ఏమిచేయవలెనను ప్రశ్న అట్లే నిలిచియుండును.

మూసీ చెప్పు పాఠము

తెలుగుదేశములో ఈ విషయము పుస్తకములకు పరిమితమై లేదు. హైదరాబాదు దిగువ మూసీనది ఏడాది పొడుగునను నగరపు మురుగుతో పారును. ఆ నీటితో ఒడ్డున పారాగడ్డిని పెంచి పాడిపశువులకు పచ్చిమేతగా అమ్ముట చిరకాలమునుండి అనేక కుటుంబములకు జీవనోపాధి. దిగువన నదికి అడ్డముగా కట్టిన కత్వలు నీటిని నిలిపి, కాలువలకు మళ్లించును. లండను ప్రజారోగ్య విద్యాలయపు పరిశోధకులు మరికొందరితో కలిసి చేసి 2010లో ప్రచురించిన పరిశీలన ప్రకారము, ఈ కత్వల వెనుక నిలిచి నడచుటచేత సుమారు 40 కిలోమీటర్లలో నీటిలోని కుళ్లుపదార్థము, పురుగుల గ్రుడ్లు, మలసంబంధమైన బాక్టీరియా మిక్కిలి తగ్గినవి. శుద్ధికై గాక సేద్యమునకై కట్టిన కత్వలు చిత్తడి మళ్లు చేయు పనిని చేసినవి.

ఇది చిత్తడి పద్ధతికి గొప్ప మెచ్చుకోలు. కాని ఆ మెచ్చుకోలు దేనికి వర్తించునో చూడవలెను. కుళ్లుపదార్థము కుళ్లి నశించినది. గ్రుడ్లు అడుగునకు దిగి చచ్చినవి. బాక్టీరియా ఎండకు, కాలమునకు నశించినది. నగరములోని చిన్న కర్మాగారములనుండి అదే నీటిలో చేరు లోహమునకు మాత్రము చావు లేదు. అది కత్వల వెనుకటి మడ్డిలోను, పొలాల మట్టిలోను, కొంత గడ్డిలోను పేరుకొనును. ఒకే నీరు, ఒకే మార్గము. ఒక మురికి నశించినది, మరియొకటి చోటు మార్చుకొన్నది. రెండింటిని 'శుద్ధి' అను ఒకే మాటతో చెప్పుటయే ఈ విషయములోని దోషములకు తల్లి.

హైదరాబాదు ప్రక్కనున్న నెక్నాంపూరు చెరువులో 2018 ఫిబ్రవరిలో తేలియాడు చిత్తడి తెప్పనొకదానిని దింపిరి. సుమారు 3,000 చదరపు అడుగుల ఆ తెప్పపై వట్టివేరు, మెట్టతామర, జమ్ము వంటి మొక్కలు వేళ్లను నీటిలోనికి వ్రేలాడవేసి పెరిగినవి. ఇంటి మురుగు చేరు చెరువులో నత్రజని, భాస్వరము వంటి పోషకములను తగ్గించుటకు ఇది మెచ్చదగిన ప్రయత్నము. జనులలో చెరువుపై శ్రద్ధను పుట్టించుట దీని రెండవ మేలు. కాని తెప్పనుండి మొక్కలను కోసి ఒడ్డునకు చేర్చినప్పుడే పోషకములు చెరువును విడుచును. కోయని మొక్క ఎండి చెరువులోనే కుళ్లినచో తీసికొన్నదంతయు తిరిగి ఇచ్చివేయును. ఈ మాట లోహములకు మరింత వర్తించును.

ఇక పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతమున కథ వేరు. అచ్చట రసాయన, ఔషధ కర్మాగారముల నీరు నక్కవాగు వంటి ప్రవాహములను చెరచెను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ఆ ప్రాంతమును దేశమందలి తీవ్ర కాలుష్య ప్రాంతములలో చేర్చినది. ఇట్టి నీటికి జమ్ముమడి మొదటి వైద్యము కాజాలదు. లోహములు గాఢముగానున్నచో మొక్కయే చచ్చును. కర్మాగారపు గడపలోపలనే సున్నమువంటి రసాయనములతో లోహమును అవక్షేపింపజేసి, ఆ మడ్డిని భద్రపరచి, మిగిలిన అత్యల్ప మాత్రను మాత్రమే చిత్తడికి అప్పగించుట యుక్తము. 1992 జనవరిలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతమున వీల్ జేన్ తగరపు గనినుండి లోహములతో నిండిన ఆమ్లజలము పొంగి నదిలో పడెను. ఆ తరువాత అచ్చట ప్రయోగార్థము కట్టినది రెల్లుమడి ఒక్కటి మాత్రమే కాదు. ఆమ్లజని లేని గుంతలు, రాతి వడపోతలు దానితో వరుసగా చేర్చబడినవి. మొక్క ఆ వరుసలో ఒక మెట్టు మాత్రమే.

ఉట్నూరు ఎండ, ఉట్నూరు వాన

పరదేశపు నమూనాను యథాతథముగా తెచ్చుకొనువారు మరచునది ఋతుభేదము. బురదలోని సల్ఫైడు గాలి తగలనంతకాలము స్థిరముగా ఉండును. వేసవిలో ఆదిలాబాదు ఎండలకు మడి ఎండి, నేల నెర్రెలు విచ్చినచో, ఆమ్లజని ఆ నెర్రెలగుండ లోనికి దిగును. సల్ఫైడు తిరిగి సల్ఫేటుగా మారి, పట్టియుంచిన కాడ్మియమును, జింకును విడిచిపెట్టును. మృగశిర కార్తెలో పడు మొదటి పెద్దవాన ఆ విడిచిన లోహమును కడిగి ఒక్కపెట్టున వాగులో పడవేయును. పదినెలలు పట్టినది పదిగంటలలో పోవచ్చును. ఏడాదికి వేయి మిల్లీమీటర్లకు పైగా, అదియు అధికభాగము నాలుగు నెలలలోనే, వర్షించు ప్రాంతములో వరదనీరు మడిలోనికి రాకుండ చుట్టును గట్టు, ప్రక్కనుండి మళ్లింపు కాలువ ఉండవలెను. వేసవిలో మడి ఎండకుండ కొంత నీరు నిలుపవలెను. ఈ రెండును లేని చిత్తడి మడి లోహములకు ధర్మసత్రము వంటిది: దిగినవాడు మరునాడు లేచిపోవును.

మరియొక మెలిక పాదరసములో కలదు. సీసమును బంధించు ఆ బాక్టీరియాయే పాదరసమును మిథైల్ పాదరసముగా మార్చగలదు. ఇది అసలు పాదరసముకంటె భయంకరమైన విషము. చిన్న జీవులనుండి చేపలకు, చేపలనుండి మనుష్యులకు ఎక్కుచు గాఢమగును. 1956లో బయటపడిన జపాను దేశపు మినమాటా వ్యాధికి కారణము ఈ రూపములోని పాదరసమే. అచ్చట అది కర్మాగారమునుండియే వెలువడినది. బురదలో అది తానై పుట్టగలదని శాస్త్రజ్ఞులు తరువాత తెలిసికొనిరి. కావున 'భారలోహములు' అని అన్నిటిని ఒకే గంపలో వేయుటయు తగదు. సీసమునకు మేలైనది పాదరసమునకు కీడు కావచ్చును.

కంచమునకు చేరు మార్గము

మొక్క పైభాగమున చేరునది స్వల్పమని లెక్క చూపినది. స్వల్పమే కదాయని ఆ మొక్కను తినవచ్చునా? తినరాదు. మడిని ఖాళీచేయుటకు చాలని మాత్ర మనుష్యుని మూత్రపిండములను చెరచుటకు చాలును. తూటికూర మురుగుచెరువులలో ఏపుగా పెరుగును. పేదల కూరగంపలోనికి వచ్చును. అది లోహములను గ్రహించు మొక్క. పారాగడ్డిని పశువు తినును. గుర్రపుడెక్కను పోగుచేసి ఎరువు చేయుదురు. ఇంటి మురుగులో పెరిగిన మొక్కతో చేసిన ఎరువు మంచిదే. లోహపు మురుగులో పెరిగిన మొక్కతో చేసిన ఎరువు లోహమును పొలమునకు మోసికొనిపోవు బండి మాత్రమే.

జపానులోని తొయామా ప్రాంతమున జింజూనది నీటితో వరి పండించిన రైతు కుటుంబములు ఈ సత్యమునకు సాక్షులు. ఎగువనున్న కమియోకా గనినుండి వచ్చిన కాడ్మియము వరిమళ్లలో చేరినది. ఆ బియ్యమును ఏండ్లతరబడి తిన్నవారికి, ముఖ్యముగా స్త్రీలకు, ఎముకలు మెత్తబడి విరిగినవి. బాధతో వారు చేసిన ఆర్తనాదమే 'ఇతాయి ఇతాయి' అని ఆ వ్యాధికి పేరైనది. 1968లో జపాను ప్రభుత్వము దానిని కాలుష్యజనిత వ్యాధిగా గుర్తించినది. వరిమడియు ఒక చిత్తడినేలయే. అచ్చటి నీటిని వడపోసిన చిత్తడి ఆ రైతుల కంచమే అయినది.

బల్లపై చేయదగిన సత్యమైన ప్రయోగము

ఉపాధ్యాయులు ప్రదర్శనపు నమూనాను విడిచిపెట్టనక్కరలేదు, సరిదిద్దినచో చాలును. రెండు బకెట్లలో పదేసి లీటర్ల నీరు పోసి, ఒకదానిలో మాత్రము 1 గ్రాము మైలుతుత్తము స్ఫటికములను కరిగింపవలెను. అందులో రాగి సుమారు 250 మిల్లీగ్రాములుండును. అనగా లీటరునకు 25 మిల్లీగ్రాములు. రెండింటిలోను సమానముగా గుర్రపుడెక్కను వేయవలెను. మొదటి దినమున రాగినీటినుండి 200 మిల్లీలీటర్లు తీసి, 10 మిల్లీలీటర్లు మిగులువరకు మరగించి, చల్లారిన పిదప అమ్మోనియా ద్రావణమును కలిపినచో ముదురు నీలవర్ణము కనబడును. వారము తరువాత, ఆవిరియైన నీటికి బదులు మంచినీరు పోసి మరల పది లీటర్లు చేసి, అట్లే చేసినచో నీలము పలుచబడినదో లేదో తెలియును.

అంతటితో ఆగరాదు. రెండు బకెట్ల మొక్కల వేళ్లను, ఆకులను వేరువేరుగా ఎండబెట్టి, సమానమైన తూకములలో తీసికొని, గాలి ఆడుచోట కాల్చి, బూడిదను సజల ఆమ్లములో కరిగించి, అమ్మోనియా ఎక్కువగా చేర్చవలెను. ఇనుమువలన గోధుమరంగు మడ్డి ఏర్పడిన వడపోయవలెను. దిగిన ద్రావణములలో ఏది నీలముగానున్నది, వేళ్లదా, ఆకులదా? మొక్కలు వాడిపోయినవా? ఇట్లు విద్యార్థి తానే బాణములను గీయును. ఆమ్లము, అమ్మోనియా, మంట ఉపాధ్యాయుని చేతిలోనే ఉండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

చివర ఒక ప్రశ్న మిగులును: బకెట్టులో మిగిలిన రాగినీటిని ఎక్కడ పోయవలెను? మోరీలో పోసినచో ప్రయోగము నేర్పిన పాఠము ఆ మోరీలోనే పోయినట్లు. ఆ నీటిలో శుభ్రమైన ఇనుప మేకులు వేసి ఉంచిన, రాగి మేకులపై ఎర్రని పూతగా దిగును. ఆ మేకులను, బూడిదను సీసాలో వేసి, మూతబిగించి, పేరు వ్రాసి బీరువాలో పెట్టవలెను. ఆ సీసాయే ఈ పాఠమునకు అసలైన పటము.

ఏది కట్టవలెను, ఏది కట్టరాదు

విచారణ ఫలితమును క్లుప్తముగా చెప్పవచ్చును. ఉట్నూరు ఆశ్రమ పాఠశాల వంటశాల, స్నానశాల నీటికి చిత్తడి మడి తగిన సాధనము. అందులో ఉన్నది ముఖ్యముగా కుళ్లునట్టి మురికి. మడి దానిని నిజముగా నశింపజేయును. ఖర్చు తక్కువ, విద్యుత్తు ఇంచుమించు అక్కరలేదు, కోసిన గడ్డి ఎరువగును, వెలువడిన నీరు చెట్లకు పారును. అయితే పాత బ్యాటరీలు, రంగుడబ్బాలు, ప్రయోగశాల ద్రావణములు ఆ మోరీలో పడకుండ చూచుకొనవలెను. లోహమును నీటినుండి తీయుటకంటె నీటిలో చేరనీయకుండుట వేయిరెట్లు సులభము.

బూడిద చెరువుల నీరు, కర్మాగారముల నీరు అయినచో మడి కట్టకమునుపే నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసి పెట్టవలెను. ఏ లోహము, ఎంత అని కొలిచినవారెవరు? కోసిన మొక్కను ఎక్కడ ఉంచుదురు? మడ్డి నిండిన పిదప దానిని ఎవరు తీయుదురు, ఎక్కడ భద్రపరచుదురు? ఆ మడిలోని కూరను, మేతను, చేపను జనులు తీసికొనకుండ కాపలా ఏమి? ఈ నాలుగింటికి సమాధానము లేని మడి పచ్చగా కనబడినను, అది లోహములను దాచిన గోదాము. దాని తాళము ఎవరిచేతను లేదు.

మొక్కను నిందించుటకు కారణము లేదు. అది తన ప్రకృతిననుసరించి వేళ్లు సాచుచున్నది, గాలిని బురదకు దింపుచున్నది, నీటి వేగమును తగ్గించుచున్నది. అది చేయని పనిని దానికి అంటగట్టి, తాము చేయవలసిన పనిని మరచుట మనుష్యుల దోషము. ఈసారి ప్రదర్శనములో గాజుతొట్టిని పెట్టు విద్యార్థి, పటముపై ఆ పాత వాక్యమునకు బదులు "నీటిని విడిచిన లోహము ఎక్కడ ఉన్నది?" అని వ్రాసి, ప్రక్కన తన సీసాను నిలిపిన చాలును. చూడవచ్చినవారు మొదట సీసాను చూతురు, పిదప తమ ఊరి మోరీని చూతురు.